పాకం మీద ఉన్నోళ్లు లేవకూడదు

ఫాల్గుణం వచ్చిందంటే కావలి, కందుకూరు, సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్లలో పనంతా ఒకేసారి మీద పడేది. నెల్లూరు వైపు వరి కోతలు, ప్రకాశం వైపు పొగాకు బ్యారన్లు, అంటే ఆకుని వేడికి ఆరబెట్టే కొట్లు, వీధికో పెళ్లి పందిరి. ఆ పందిరి రాటకే వీపు ఆనించి, తొడ మీద లెక్కల పుస్తకం పెట్టుకుని ఇంటర్ చదివే పిల్లలు. పుష్యంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అప్పటిదాకా ఆగిన సంబంధాలన్నీ మాఘ ఫాల్గుణాల్లోనే తేలేవి. ఇంటర్ బోర్డుకీ మార్చి నెలే దొరికేది. పంచాంగానికీ టైంటేబుల్‌కీ ఏనాడూ పొత్తు కుదిరింది లేదు.

అందులోనూ 2003 సంగతి చెప్పాలి. ఆ ఏడు మార్చి 1, శనివారం, మహాశివరాత్రి. అదే మధ్యాహ్నం సెంచూరియన్‌లో ఇండియా పాకిస్తాన్ ప్రపంచకప్ మ్యాచ్. ఉపవాసం ఉన్నవాళ్లకి ఆ రోజు ఆకలి తెలియలేదంటే సచిన్ కొట్టిన 98 పరుగుల పుణ్యమే. నాలుగు రోజులకి, మార్చి 5న, భస్మ బుధవారంతో చర్చిల్లో ఈస్టర్ ముందు ఉపవాసాల శ్రమల కాలం మొదలైంది. ఆ వారంలోనే మొహర్రం నెలవంక. నెల మధ్యకొచ్చేసరికి నెల్లూరులో మొహర్రానికి జరిగే రొట్టెల పండుగ. ఏప్రిల్ 2న ఉగాది. పరీక్షలూ ముహూర్తాలూ ఈ సందుల్లోనే ఇరుక్కున్నాయి.

అయినా పెళ్లిళ్లు ఆగలేదు, పిల్లలు పరీక్షలు మానలేదు. ఎట్టా నడిచిందంటే, పెళ్లింటి పెద్దాళ్ల దగ్గర ఒక లెక్క ఉండేది. కాగితం మీద రాసుకున్నది కాదు, అలవాటులో ఉన్నది. పనులు రెండే రకాలు వాళ్లకి: నడుమ వదిలేసి లేవగలిగేవి, లేవకూడనివి. లేవగలిగే పనులన్నీ చదువుకునే పిల్లలకి. లేవకూడనివి ఎంత ముద్దుగా అడిగినా పిల్లల చేతికి ఇచ్చేవాళ్లు కాదు.

లేవగలిగే వాటిలో మొదటిది శుభలేఖల పని. చేతిరాత బాగున్న పిల్లలు ఏ వీధిలో ఉన్నారో పెళ్లింటివాళ్లకి ముందే తెలుసు. ప్రెస్ నుంచి 500 కార్డుల కట్ట రాగానే చేయాల్సింది లెక్కపెట్టడం కాదు, ఒక కార్డు తీసి నలుగురూ గట్టిగా చదవడం. పేర్లలో ఏ బాబాయి పేరు తప్పినా, ఏ మేనమామ పేరు కిందికి దిగినా ఆ తగాదా పెళ్లి అయ్యాక కూడా నడుస్తుంది. ముహూర్తం వాక్యం ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన పెళ్లిళ్లు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా గురువారమే, క్యాలెండర్ లెక్కలో రాత్రి పన్నెండు దాటితే శుక్రవారం. అందుకే కార్డులో ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం గం. 2.40 ని.లకు’ అని వేయిస్తారు. ఆ ‘తెల్లవారితే’ అన్న మాట ఎగిరిపోతే దూరపు చుట్టాలు సరిగ్గా ఒక రోజు ఆలస్యంగా, కొత్త బట్టలు కట్టుకుని, విప్పిన పందిరి కింద దిగుతారు.

ఆ తర్వాత పసుపు. నాలుగు మూలలా పెట్టే బొట్టు చిన్న పనే అనిపిస్తుంది, కార్డులు పాడయ్యేది మాత్రం అక్కడే. రెండు చెంచాల పసుపులో నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసి, వేలికి అంటితే జారనంత చిక్కగా కలపాలి. పలచనైతే అట్టలోకి పాకి అచ్చు మీద మరక పడుతుంది. పెట్టిన కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా చాప మీద పరిచి, ఫ్యాన్ ఆపి ఆరనివ్వాలి. తొందరపడి పేరిస్తే పై కార్డు వెనకాల నాలుగు మచ్చలు. వంద కార్డులు ఆరేలోపు కెమిస్ట్రీలో ఒక చాప్టర్ చదివేయొచ్చు. అందుకే ఇది పిల్లల పని.

అడ్రసుల్లో నెల్లూరు జిల్లా పిన్‌కోడ్ 524తో, ప్రకాశం 523తో మొదలవుతుందని రాసేవాళ్లందరికీ నోటికొచ్చు. కవరు మీద ‘బుక్ పోస్ట్’ అని రాసి మూత అంటించకుండా లోపలికి మడిస్తే తక్కువ స్టాంపుతో పోయేది. అలవాటు కొద్దీ జిగురు రాసి అంటించారంటే అవతలి చుట్టం జరిమానా కట్టి శుభలేఖ విడిపించుకోవాల్సి వచ్చేది. అయితే పోస్టులో పంపేది దూరపువాళ్లకే. మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టాక, దగ్గరివాళ్లకి ఇంటికెళ్లి, బొట్టు పెట్టి పిలవాలి. ‘మాకు పోస్టులో పంపారు’ అన్న మాట మా వైపు చిన్న మాట కాదు. ఆ బొట్టు పిలుపులకి పెద్ద ముత్తైదువ వెంట సైకిలు తొక్కుకుంటూ ఒక కుర్రవాడు వెళ్లేవాడు. ప్రతి ఇంట్లోనూ ‘పరీక్షలంట గదా, ఈడికెందుకు ఈ తిరుగుడు’ అని జాలిపడి, ఇంకో రెండు ఇళ్లు ఎక్కడో దారి చెప్పి పంపేవాళ్లు.

తలంబ్రాలకి బియ్యం ఏరడం, మామిడాకు తోరణాలు కట్టడం కూడా ఈ కోవలోవే. తలంబ్రాల్లో ఒక్క నూక ఉండకూడదు. రెండు కిలోల బియ్యం ఏరాలంటే ముగ్గురికి ఒక సాయంత్రం. ఏరాక పసుపు, చెంచాడు నెయ్యి వేసి అరచేతులతో రుద్ది నీడలో ఆరబెట్టాలి. నీళ్లతో కలిపితే మర్నాటికి అంటుకుపోయి పుల్లవాసన వేస్తాయి. తోరణానికి ఆకు కాడ దగ్గర పురికొస మీదుగా మడిచి చీపురుపుల్లతో గుచ్చాలి. లేతాకు పనికిరాదు, రెండు గంటల్లో వాలిపోతుంది. ముదురాకు మూడు రోజులు నిలబడుతుంది. ఈ పనులప్పుడు సంస్కృతం బాగా వచ్చేది. చేతులు పనిలో ఉంటే నోరు ఖాళీ కదా, శ్లోకాలు, శబ్దాలు వల్లె వేస్తుంటే పక్కన ఆకులు గుచ్చే అమ్మమ్మ తప్పులు దిద్దేది. బడి మొహం చూడని మనిషి, గుడిలో విన్న చెవి. లెక్కలకి మాత్రం ఈ పద్ధతి కుదరదు. ఇంటిగ్రేషన్ నడుమలో ‘ఒరే, ఆ పురికొస ఇటియ్యి’ అంటే పైనుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. చదువులోనూ లేవగలిగేవి, లేవకూడనివి ఉంటాయి. లెక్కలూ ఫిజిక్సూ తెల్లవారుజామున 4 నుంచి 6 దాకా, పెళ్లింటికి రెండిళ్లు అవతల. మిగతావి పందిరి కింద.

ఇక లేవకూడని పనుల్లో పెద్దది అరిసెల పాకం. సారె పెట్టడానికి వందల లెక్కన వండాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. మందం బట్టి నలభై దాకా వస్తాయి. బియ్యం ఒక రాత్రి, ఒక పగలు నానాలి. నడుమ రెండు మూడుసార్లు నీళ్లు మార్చకపోతే పిండి వాసనొస్తుంది. వార్చి, గుడ్డ మీద పది నిమిషాలు ఆరనిచ్చి, తడి ఉండగానే దంచి జల్లించాలి. జల్లించిన పిండిని గిన్నెలో నొక్కి, పైన తడిగుడ్డ కప్పాలి. ఇక్కడ అశ్రద్ధ చేస్తే పని చెడుతుంది. పిండి ఆరిపోతే పాకం ఎంత బాగా పట్టినా అరిసె గట్టిపడుతుంది.

పాకం దగ్గర ఒకే మనిషి కూర్చుంటుంది. బెల్లం కరిగాక ఒకసారి వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి, పక్కన పళ్లెంలో చల్లని నీళ్లు పెట్టుకుంటుంది. గరిటె నుంచి ఒక చుక్క నీళ్లలో వేస్తే మొదట కరిగిపోతుంది. కాసేపటికి తీగలా సాగి అడుక్కి దిగుతుంది. ఆ తర్వాత వేలితో దగ్గరికి తోస్తే మెత్తటి ఉండ అవుతుంది, చేతిలోకి తీసుకుంటే ఆకారం నిలుస్తుంది. అదీ సమయం. ఇంకో రెండు నిమిషాలు ఆగితే ఉండ పళ్లేనికి కొడితే టంగుమంటుంది. అది అరిసెల పాకం కాదు, ఉండలు చుట్టుకునే పాకం. దింపగానే ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. పాకం లేతదైతే నూనెలో వేయగానే అరిసె విడిపోయి బాణలి నిండా మడ్డి తేలుతుంది. అట్టాంటప్పుడు మిగిలిన ముద్దలో కాస్త పొడి బియ్యప్పిండి కలిపి గండం గట్టెక్కించేవాళ్లు గానీ ఆ అరిసెలు సారెలోకి పోయేవి కావు, పిల్లలకి పెట్టేవాళ్లు. పిల్లలు లేత పాకం కోసమే మొక్కుకునేవాళ్లంటే అబద్ధం కాదు.

పాకం మీద కూర్చున్న అత్తని ఎవరు పిలిచినా పలికేది కాదు. ‘పాకం మీద ఉన్నోళ్లు లేవకూడదబ్బయా, వియ్యంకుడొచ్చినా సరే’ అనేది పక్కన పిండి పోసే పిన్ని. ఆ మాట తర్వాత పరీక్ష హాల్లోనూ పనికొచ్చేది, నడుమలో మంచినీళ్లకి లేవబోయేవాళ్లకి.

కందుకూరు, టంగుటూరు, కొండపి వైపు ఇళ్లలో ఇంకో లేవకూడని పని ఉండేది, బ్యారన్. ఆకు కొట్టి, కర్రలకు కట్టి లోపల వేలాడదీశాక అయిదారు రోజులు మంట కాయాలి. మొదట వంద డిగ్రీల ఫారన్‌హీట్ చుట్టుపక్కల ఉంచి ఆకు పసుపు తేలేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు మెల్లిగా పెంచుకుంటూ పోయి, చివర్లో ఈనె ఎండడానికి 160 దాకా తేవాలి. పసుపు తేలకముందే వేడి పెంచితే పచ్చదనం అట్టాగే బిగుసుకుపోతుంది. పసుపు తేలాక పెంచడం ఆలస్యం చేసినా, లోపలి తేమ బయటికి వదలకపోయినా ఆకు నల్లబడి మచ్చలు పడుతుంది. రెండూ వేలంలో ధర పోగొట్టేవే. రాత్రి కాపలాకి పెద్దవాళ్లే కూర్చున్నా, పక్కన నులకమంచం మీద పుస్తకంతో పిల్లలు ఉండేవాళ్లు. గంటకోసారి థర్మామీటరు చూసి చెప్పడం వాళ్ల వంతు. ఊరికి దూరం, మైక్‌సెట్టు వినపడదు, నిద్ర తూగితే లేపే మనిషి ఉంటాడు. ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్లలో ఇంతకు మించిన రీడింగ్ రూమ్ లేదు.

నెల్లూరు డెల్టా ఊళ్లలో ఇబ్బంది ఇంకో రకం. కోతల నెల కాబట్టి కళ్లంలో పుట్లకి పుట్లు ధాన్యం ఉంటుంది. మన పుట్టి 850 కిలోలు. ఇన్ని వడ్లు పెట్టుకుని పెళ్లికి బియ్యం కొనడమేంటని ఎవరో ఒకరు కొత్త వడ్లు మరకి పంపేవాళ్లు. కొత్త బియ్యం గుండిగలో ముద్దయిపోతాయి. ఎసరు తగ్గించినా పైన పలుకు, అడుగున జావ. అందుకే తెలిసినవాళ్లు పెళ్లి అనుకున్న రోజే కిందటి ఏటి ధాన్యం రెండు బస్తాలు పక్కన పెట్టించేవాళ్లు. నూరు మందికి పన్నెండు కిలోల బియ్యం, మూడు కిలోల కందిపప్పు లెక్క. దప్పళానికి గుమ్మడికాయలు మాత్రం ఎవరూ తూచేవాళ్లు కాదు, ఊరంతా తెచ్చి పడేసేవాళ్లు.

పనులు ఇట్టా పంచుకున్నా, పరీక్ష రాసే పిల్లల ఇంట్లోనే పెళ్లయితే? అక్కడే స్నేహం అక్కరకొచ్చేది. ఇంటర్ ఫస్టియర్‌కి ఒక రోజు, సెకండియర్‌కి మర్నాడు, ఇట్టా రోజు విడిచి రోజు పరీక్ష. ఉదయం 9 నుంచి 12. ఫస్టియర్ వాళ్లు హాల్లో ఉంటే సెకండియర్ వాళ్లు ఖాళీ. పెళ్లింటి అన్న సెకండియర్ అయితే వాడి పరీక్ష రోజు పూలబుట్టలు తేవడం, సింగరాయకొండ స్టేషన్లో చుట్టాల్ని దింపుకోవడం ఫస్టియర్ జట్టు చేసేది. మర్నాడు వంతు మారేది. పేరుకి మాట సాయం, లోపల మాత్రం ఖచ్చితమైన డ్యూటీ చార్టు. ఇద్దరూ ఒకే సంవత్సరం వాళ్లయితే ఈ సదుపాయం లేదు. అందుకే ఒక క్లాసు అటూ ఇటూ ఉన్న స్నేహితులే పెళ్లిళ్లలో ఎక్కువ పనికొచ్చేవాళ్లు.

ఇంకో సంగతి. శ్రమల కాలంలో చాలా చర్చిల్లో పెళ్లి చేయరు. చేసుకోదలిచినవాళ్లు అంతకు ముందే మూడు ఆదివారాలు ప్రకటనలు చదివించుకుని కానిచ్చేసుకుంటారు, లేకపోతే ఈస్టర్ దాటాక. 2003లో ఈస్టర్ ఏప్రిల్ 20. మొహర్రం పది రోజుల్లో తురకల ఇళ్లలోనూ శుభకార్యాలు పెట్టుకోరు. అంటే మన పందిళ్లు కిటకిటలాడే రోజుల్లో ఆ స్నేహితుల ఇళ్లలో పెళ్లి హడావుడి ఉండదు. వడ్డనకి, పందిరికి, జనరేటరు దగ్గరికి మొదట వచ్చి నిలబడేది వాళ్లే. వచ్చినవాళ్లలో ఒకడు మాంసం మానేసి ఉంటాడు, ఇంకొకడు ఆ రోజు రోజా ఉంటాడు, ఇంటివాడు శనివారం ఒంటిపూట. వంటవాళ్లకి విస్తుపోవడమే. పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర్లో చర్చి పెళ్లిళ్లు మొదలైతే ఈ అప్పు తీర్చుకునేవాళ్లు.

మొక్కులకీ టైం చూసుకోవాల్సి వచ్చేది. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. వారంలో ఒకే అవకాశం, ఆ శనివారం పరీక్ష పడితే మళ్లీ వారమే. అందుకని మొక్కే పెద్దవాళ్లు ‘పరీక్షలయ్యాక మొదటి శనివారం’ అని మాట పెట్టుకునేవాళ్లు. తారీఖు వేసుకుని మొక్కితే దేవుడికి బాకీ పడతామని భయం. హాల్ టికెట్టు దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టేటప్పుడు వెనక వైపు మూలన పెట్టాలి. నంబరు మీద కుంకుమ పడితే ఇన్విజిలేటర్ ముందు నిలబడి తుడుచుకోవాలి. పెళ్లింట్లో హాల్ టికెట్టుని బీరువాలో మాత్రం దాచకూడదు. పెళ్లినాడు బీరువా తాళం ఏ పెద్దమ్మ బొడ్లో ఉంటుందో, ఆ పెద్దమ్మ ఏ విడిదిలో ఉంటుందో ఎవరికీ తెలియదు. అది స్నేహితుడి ఇంట్లో ఉండటమే క్షేమం.

ముహూర్తం రాత్రి సంగతి. తెల్లవారితే శుక్రవారం 2.40కి జీలకర్ర బెల్లం, 9కి పరీక్ష. రాత్రంతా మేలుకుంటే అయిదో ప్రశ్న దగ్గర కళ్లు మూతలు పడతాయి. పూర్తిగా పడుకుంటే తోబుట్టువు పెళ్లి చూడనట్టే. అనుభవం మీద తేలిన పద్ధతి ఇది: సాయంత్రం 7కే పెరుగన్నం తిని రెండిళ్లు అవతల పడుకోవాలి. రెండింటికి స్నేహితుడు లేపుతాడు. అడ్డుతెర తీసేది, తాళి కట్టేది చూసి, అక్షింతలు వేసి, తలంబ్రాలు మొదలవగానే జారుకోవాలి. ఆ ఆట గంట సాగుతుంది, దాంట్లో కూర్చుంటే చిక్కుకుపోతారు. మూడున్నర నుంచి ఆరున్నర దాకా రెండో కునుకు. లేచాక ఇడ్లీ, అంతే. అర్ధరాత్రి లడ్డూ, కాజా తిని పడుకున్నవాళ్లే మర్నాడు హాల్లో తల పట్టుకునేది. సన్నాయిని ఎవరూ ఆపలేరు గానీ, మైక్‌సెట్టు గొట్టాన్ని పిల్లలు పడుకున్న ఇంటి వైపు కాకుండా చెరువు వైపు తిప్పించడం ఇంటి మామల బాధ్యత.

నెల్లూరు రొట్టెల పండుగతో ఈ ఋతువంతా ఒక దగ్గరికి వచ్చేది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్లలో నిలబడి, తలకి గుడ్డ కప్పుకుని, ‘చదువు రొట్టె’, ‘పెళ్లి రొట్టె’ అని కేకలు. కోరిక ఉన్నవాళ్లు అడిగి తీసుకుని అక్కడే తింటారు. తీరినవాళ్లు మరుసటి ఏడు అదే రొట్టె చేసుకొచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఏ మతమని అడిగేవాళ్లు ఉండరు. చెల్లెలి కోసం పెళ్లి రొట్టె, తన కోసం చదువు రొట్టె ఒకే చేతిలో పట్టుకున్నవాళ్లు ఆ నీళ్లలో ఎంతమందో. గోధుమపిండిని గోరువెచ్చని నీళ్లతో, కాస్త నూనెతో మెత్తగా కలపాలి, లేకపోతే కావలి నుంచి బస్సులో వచ్చేసరికి అప్పడమవుతుంది. వేడిగా ఉండగా ప్లాస్టిక్ కవర్లో చుడితే చెమ్మగిల్లి సాగుతుంది. గుడ్డలో చుట్టాలి.

మొహర్రం ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2003లో నెల మధ్య పడ్డ పండుగ 2004లో మార్చి మొదటి వారానికే వచ్చింది. కిందటేడు రొట్టె తిని ఫస్టియర్ గట్టెక్కిన పిల్లలకి సెకండియర్ పరీక్షలు నెత్తిన ఉండగానే బాకీ తీర్చే రోజు వచ్చిపడింది. అట్టాంటప్పుడు పరీక్ష లేని స్నేహితుడి చేతికి రొట్టెలు ఇచ్చి పంపేవాళ్లు. ఒకే పెనం మీద కాల్చిన రెండు రొట్టెలు, ఒకటి పెళ్లిది, ఒకటి చదువుది. నీళ్లలోకి దిగాక ఏది ఏదో తికమకపడకుండా, చదువు రొట్టె పచ్చిగా ఉన్నప్పుడే నడిమధ్యన బొటనవేలితో ఒక నొక్కు నొక్కేవాళ్లు.